గెడ్డ బాగుంటేనే ఈ పచ్చరెక్కల తూనీగ

పాడేరు: వానలు వెలిసి గెడ్డల్లో నీరు తేటపడ్డాక, రాళ్లపై పచ్చగా తళుక్కుమని అంతలోనే మాయమయ్యే పురుగును ఏజెన్సీవాసులు చాలామంది చూసే ఉంటారు. దీనిని ఇంగ్లీషులో ‘స్ట్రీమ్ గ్లోరీ’ అంటారు. అంటే ఏటికి శోభ అని అర్థం. 1758లోనే లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. మన దేశం మొదలు చైనా వరకు ఈ జాతి ఉంది.

పొలాలపై తిరిగే పెద్ద తూనీగ వాలినప్పుడు రెక్కలు చాపి ఉంచుతుంది. ఇది మాత్రం రెక్కలు వీపుపై ముడుచుకుని కూర్చుంటుంది. ఒళ్లు పుల్లలా సన్నగా, సుమారు 6 సెంటీమీటర్ల పొడవుంటుంది. కళ్లు రెండూ ఎడంగా ఉంటాయి.

మగదాని ముందు రెక్కలు అద్దంలా ఉంటాయి. వెనుక రెక్కల పైభాగం నెమలి పింఛంలా పచ్చగా మెరుస్తుంది, కొసలు నల్లగా ఉంటాయి. రెక్కలు ముడిస్తే ఆ మెరుపు కానరాదు. అందుకే ఎగిరినప్పుడే గుర్తుపట్టడం తేలిక. ఆడదాని రెక్కలు లేత గోధుమరంగులో ఉండి, వాటిపై తెల్లని చుక్కలుంటాయి. గెడ్డ పక్క పొదల్లో ఒళ్లు పచ్చగా మెరిసే మరో రకం కనిపిస్తుంది. దాని నాలుగు రెక్కలూ అద్దంలా ఉంటే అది వేరే జాతి.

ఆడది నీట మునిగిన వేళ్లలో, కాడల్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు రెక్కలు వచ్చేవరకు నీటిలోనే పెరుగుతాయి. తోక చివరి మూడు మొప్పలతోనూ, ఒంటితోనూ నీటిలోని ప్రాణవాయువును తీసుకుంటాయి. అందుచేత పారే తేటనీరు లేనిదే వీటికి బతుకు లేదు. పురుగుమందు కలిసినా, ఒడ్డున చెట్లు నరికినా, ఇసుక తవ్వి నీరు బురదయినా ముందు నష్టపోయేది ఇవే.

ఏటా కనిపించేచోట ఇవి కనిపించకుండా పోతే ఎగువన ఏం జరిగిందో గ్రామస్థులు విచారించుకోవడం మంచిది. ఆ నీరే దిగువ ఊళ్లవారికి, పశువులకు ఆధారం. అయితే తూనీగ ఉన్నది కదా అని నీటిని కాచకుండా తాగరాదు. రోగక్రిములు కంటికి కనిపించవు.

మందు కొట్టే స్ప్రేయర్లను, ఖాళీ డబ్బాలను గెడ్డలో కడగకుండా ఉండడం రైతుల చేతిలో పని. కడిగిన నీటిని గెడ్డకు దూరంగా, మందు కొట్టిన చేలోనే చల్లాలి. దీనికి ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. పిల్లలు తూనీగ తోకకు దారం కట్టి ఆడడం కూడా పెద్దలు మాన్పించాలి.