కీటకముల కన్నులకు తొలివెలుగు

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములకు చేరువనున్న పెద్దకడుబూరు నల్లరేగడి చేలలో ప్రత్తి పూచిన వేళ, పూవునుండి పూవునకు తిరుగు తేనెటీగను చూచి, అది దారులెఱిగియే పుట్టినదని మనము తలంతుము. అది సరికాదు. పెట్టెలోనో చెట్టుతొఱ్ఱలోనో పుట్టిన పనియీగ, రెక్కలు వచ్చిన పిదపకూడ సుమారు మూడు వారములు చీకటిలోనే పిల్లలకు మేతపెట్టుచు, మైనపు గదులను శుభ్రపఱచుచు గడపి, మేతకు పోవుటకు ముందు కొన్నిమారులు వాకిటి వెలుపలికి వచ్చి, గూటివైపు మొగము త్రిప్పి, ఇటునటు వంపులు తిరిగి యెగురుచు ఇంటి ఆనవాళ్లను కన్నుల కెక్కించుకొనును. తొలివెలుగు సోకిన ఆ దినములలోనే దాని మెదడునందు చూపునకు సంబంధించిన నాడీసంధులు కొన్ని తొలగి, తక్కినవి కొత్తపనికి అమరును.

మ్రగ్గిన అరటిపండుపై ముసరు పండ్లీగ సంగతియు నిట్టిదే. జర్మనీలోని వూర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయమున మార్టిన్ హైసెన్‌బర్గ్ బృందమువారు 1997లో ప్రకటించిన పరిశోధనము ననుసరించి, చీకటిలో నుంచిన యీగలకును వెలుగులో నుంచినవానికిని, కంటి వెనుకనున్న తొలి నాడీపొర పరిమాణమున 30 శాతము వరకు భేదము కానవచ్చినది. రెక్కలు విచ్చిన తొలిదినముల వెలుగే యిందు ముఖ్యము.

రాయలసీమ పట్టురైతులకు ఈ వెలుగు మర్మము చేతిపనిగనే తెలియును. హిందూపురము చెంత కిరికెరలో పట్టుపరిశోధన సంస్థ కలదు. ఆ ప్రాంతమున అడిగినచో ఎవరైనను చెప్పుదురు. పట్టుపురుగు గుడ్డుపై సూదిమొనంత నల్లచుక్క పొడమి, పిదప గుడ్డంతయు నీలిచాయ తిరుగగనే, గుడ్లున్న అట్టలను నల్లకాగితమున చుట్టి ఒకటి రెండు దినములు చీకటిలో నుంతురు. లోపల ముందుగ ఎదిగినవి వెలికిరాక ఆగును. వెనుకబడినవి వానిని అందుకొనును. గుడ్లు పగులవలసిన నాటి వేకువను కాగితము విప్పి వెలుగు చూపగనే, ఇంచుమించు గుడ్లన్నియు ఆ ఉదయముననే పగిలి, నల్లని చిన్ని పురుగులు గుంపుగ వెడలి లేతాకునకు ప్రాకును. ఒక్కమారు పుట్టినవి ఒక్కమారే నిద్రించును, ఒక్కమారే ఆకుతినును. రైతునకు శ్రమ తగ్గును. అంతకంటె నాకు ఆశ్చర్యము గొల్పునది వేఱొకటి: ఏటికి రెండు తరములు పుట్టు బైవోల్టిన్ జాతులలో, గుడ్డుగ నున్నపుడు వెచ్చదనమును దీర్ఘమైన పగటివెలుగును పొందిన పురుగు, రెక్కలపురుగై పెట్టు గుడ్లు నెలల తరబడి నిద్రాణములై యుండును, చల్లని చీకటిలో గుడ్డుగ నున్నదాని గుడ్లు ఆగక పగులును. తల్లి గుడ్డుగ నుండి పొందిన వెలుగు బిడ్డల కాలమును నిర్ణయించుచున్నది!

వెలుగు కీటకముల బ్రదుకును ఇంతగ మలచును కనుక, చేనిగట్ల వెంట వీధిదీపములు నిలుపువారు వాని వెలుగు నేలపైకి మాత్రమే పడునట్లు మూతలు పెట్టింపవలెను. తేనెపెట్టెల చెంతను, పట్టుపురుగుల గదుల చెంతను రాత్రివేళ పనిలేని దీపమును ఆర్పివేయవలెను.