బొంబాయి హాజీ నడిచిన దారిలో ఒక రోజు

మా ఊళ్లో మా దాదాను అందరూ 'బొంబాయి హాజీ' అనేవారు. అది గౌరవంగా పెట్టిన పేరు కాదు. హజ్‌కని ఇంటి నుంచి బయలుదేరి, బొంబాయి దాకా వెళ్లి, ఓడ ఎక్కకుండానే తిరిగి వచ్చినవారికి ఆ రోజుల్లో జనం తగిలించిన పేరది.

1958లో దాదా వేరుశనగ పండే రెండెకరాలు అమ్మి, ఊరందరి దగ్గరా మాటలు మాఫీ చేయించుకుని గుంతకల్లులో రైలెక్కారు. నెలన్నర తర్వాత బక్కచిక్కి తిరిగొచ్చారు. ముసాఫిర్ ఖానాలో ఉండగానే జ్వరం పట్టుకుందట. వైద్య పరీక్షలో ఆపేశారట. జ్వరం తగ్గేసరికి ఆ ఏటి చివరి ఓడ వెళ్లిపోయింది. మళ్లీ వెళ్లేందుకు డబ్బు ఆయనకు ఈ జన్మలో సమకూడలేదు. 1979లో ఆయన కన్ను మూసినప్పుడు, ట్రంకు పెట్టెలో మడత విప్పకుండా దాచుకున్న ఆ ఇహ్రామ్ బట్టనే కఫన్‌గా చుట్టారు.

దాదా బొంబాయి గురించి మాకు మూడు వింతలు చెప్పేవారు. మస్జిద్ అనే పేరున్న రైల్వే స్టేషన్ ఒకటుందనీ, ఆ పేరు వచ్చింది మసీదు వల్ల కాదనీ మొదటిది. నీళ్ల మీద నిలబడ్డ మసీదు రెండోది. రోజుకు రెండుసార్లు సముద్రంలో మునిగి మళ్లీ తేలే బాట మూడోది. ఊరివాళ్లు నవ్వేవారు. "ఓడెక్కని మనిషి ఓడంత అబద్ధాలు చెబుతున్నాడు" అనేవారు.

నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. నాకు పదేళ్లప్పుడు బక్రీద్ రోజున ఈద్గా దగ్గర ఎవరో పొరుగూరి పెద్దమనిషి ఆయన్ను "హాజీ సాబ్" అని పలకరించారు. "హాజీ కాదు, బొంబాయి హాజీ!" అన్నాను నేను, అందరికీ వినిపించేలా. దాదా నా తల నిమిరారు. ఏమీ అనలేదు.

ఈ మధ్య హజ్ దరఖాస్తుల ఖుర్రాలో నా పేరు మూడోసారి కూడా రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే మా ఆవిడతో, "ఒక్కరోజు బొంబాయి వెళ్లొస్తాను" అన్నాను. "ఈ వయసులో మీరొక్కరే ఎందుకండీ, అబ్బాయిని తీసుకెళ్లండి" అంది. దాదా ఒంటరిగా వెళ్లారు, నేనూ ఒంటరిగానే వెళ్లాలనిపించింది.

పేరు ఒకటి, కథ ఒకటి

గుంతకల్లు, రాయచూరు, వాడి, షోలాపూర్, పుణె. అదే రైలుదారి. శుక్రవారం తెల్లవారేసరికి ముంబయిలో దిగాను. దాదా దిగిన విక్టోరియా టెర్మినస్‌కు ఇప్పుడు ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ అని పేరు. ఆ గుమ్మటం కింద నిలబడి పైకి చూస్తే, పల్లెటూరి రైతు గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహించుకోవచ్చు.

లోకల్ రైల్లో అక్కడి నుంచి తర్వాతి స్టేషనే మస్జిద్. ఆ పేరుకు కారణం దగ్గర్లోని యూదుల ప్రార్థనాలయమని చెబుతారు. దాన్ని 1796లో సామ్యూల్ దివేకర్ అనే బెనె ఇజ్రాయెల్ యూదుడు స్థాపించారు. ఆయన ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి. మైసూరు యుద్ధంలో టిప్పు సుల్తాన్‌కు ఖైదీగా చిక్కారనీ, బెనె ఇజ్రాయెల్‌వారని తెలిసి టిప్పు తల్లి చెప్పిన మాటతో ప్రాణం దక్కిందనీ, ఆ కృతజ్ఞతతోనే దాన్ని కట్టించారనీ ఒక కథ. ఆ భవనం తర్వాతి కాలంలో ఇప్పటి చోటుకు మారింది. చుట్టుపక్కల జనం దాన్నీ మస్జిద్ అనే పిలిచారు, స్టేషన్‌కూ ఆ పేరే వచ్చింది.

దాదా చెప్పిన మొదటి వింత అబద్ధం కాదన్నమాట.

ముసాఫిర్ ఖానా ముందు

మొగలుల కాలంలో మన దేశపు హాజీలకు ప్రధాన రేవు సూరత్. దానికి 'బాబుల్ మక్కా', అంటే మక్కా ద్వారం అని పేరు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆవిరి ఓడలు వచ్చాక ఆ స్థానం బొంబాయిది అయింది. బెంగాల్ నుంచి, దక్కన్ నుంచి, మధ్య ఆసియా నుంచి కూడా యాత్రికులు ఇక్కడికే చేరేవారు. 1886లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ ప్రయాణ ఏర్పాట్లను థామస్ కుక్ కంపెనీకి అప్పగించింది. 1877లో మొదలై, తర్వాత మొగల్ లైన్‌గా పేరుపొందిన సంస్థ ఓడలు దశాబ్దాల తరబడి హాజీలను జిద్దాకు చేర్చాయి. ఇస్లామీ, ముహమ్మదీ, ముజఫ్ఫరీ అనే ఓడల పేర్లు మన పెద్దల నోట విన్నవారు ఇంకా ఉంటారు.

క్రాఫర్డ్ మార్కెట్ దగ్గర సాబూ సిద్దీఖ్ ముసాఫిర్ ఖానా ఎదుట రోడ్డు పక్కన నిలబడ్డాను. టీ కొట్టు దగ్గర నెరిసిన గడ్డం చాచా ఒకాయన ఎక్కడి నుంచి వచ్చావని ఉర్దూలో అడిగారు. దాదా సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు.

"మా చిన్నప్పుడు ఈ రోడ్డంతా హాజీలే, బాబూ. పెట్టెలు, పరుపు చుట్టలు, బియ్యం మూటలు. టికెట్ కోసం, టీకా కాగితం కోసం తిరుగుతూనే ఉండేవారు. ఓడ వెళ్లిపోయిన రోజు మిగిలినవాళ్లను చూస్తే మా అమ్మ ఆ పూట అన్నం తినేది కాదు" అన్నారు.

టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. "మీ దాదా మా వీధి మెహ్మాన్" అన్నారు. దాదా పేరు విని ఒకరు నవ్వకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.

నీళ్ల మీద మసీదు

జుమా నమాజుకు క్రాఫర్డ్ మార్కెట్‌కు దగ్గర్లోనే ఉన్న జామా మసీదుకు వెళ్లాను. బట్టల దుకాణాలు, నగల దుకాణాలు దాటుకుంటూ లోపల అడుగుపెట్టగానే ఆగిపోయాను. ఎదురుగా కోనేరంత కొలను. పచ్చటి నీళ్లలో చేపలు, తాబేళ్లు. ఆ నీళ్లలోంచే రాతి కమానులు లేచి, పైనున్న మసీదును మోస్తున్నాయి!

1775లో మొదలైన ఈ కట్టడం పూర్తయ్యేసరికి 1802 వచ్చింది. అంతకు ముందు ఈ స్థలం ఒక హిందూ వర్తకుడిదట. పాత కొలనును పూడ్చకుండా ఉంచితేనే మసీదుకు స్థలం ఇస్తానని ఆయన షరతు పెట్టారని, కొంకణీ ముస్లిం వర్తకులు ఒప్పుకున్నారని చెబుతారు. రెండు శతాబ్దాలు దాటినా ఆ నీళ్లు అక్కడే ఉన్నాయి. ఇచ్చిన మాట నిలబడి ఉందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మెట్టు మీద కూర్చుని ఆ నీటిలో చేతులు ముంచాను. జ్వరంతో మసిలిన దాదా ఈ నీళ్లతోనే వజూ చేసుకుని ఉంటారు. ఖుత్బా మొదలైంది. చుట్టూ ఎవరూ నాకు తెలియదు. కానీ వరుసలో భుజానికి భుజం ఆనించి నిలబడ్డాక ఒంటరితనం గుర్తుకు రాలేదు.

గోడ అవతల రేవు

నమాజు తర్వాత పి. డిమెల్లో రోడ్డు వెంట నడిచాను. ఒక పక్క పొడవాటి గోడ. మధ్య మధ్య గ్రీన్ గేట్, ఎల్లో గేట్ అని రంగుల పేర్లతో రేవు ద్వారాలు. 1880లో తెరిచిన ప్రిన్సెస్ డాక్, 1914 నాటి అలెగ్జాండ్రా డాక్ (ఇప్పుడు ఇందిరా డాక్) ఆ గోడ వెనకే. అనుమతి కాగితం లేనిదే లోపలికి పోనివ్వరు. కాపలా కుర్రాడు మర్యాదగానే చెప్పాడు: "పాస్ లేకపోతే ఇక్కడి దాకే, చాచా."

ఇక్కడి దాకే. అరవై ఏళ్లు దాటిన నేను ఆ మాటకు అక్కడే నిలబడిపోయాను. దాదా విన్నదీ ఈ మాటే కదా!

గేట్‌వే ఆఫ్ ఇండియాకు వెళ్లి లాంచీ ఎక్కాను. 1911లో అయిదో జార్జి చక్రవర్తి రాకకు గుర్తుగా తలపెట్టి 1924లో పూర్తిచేసిన కమాను అది. 1948లో ఆఖరి బ్రిటిష్ దళం ఆ కమాను కిందుగానే ఓడెక్కి వెళ్లిపోయింది. లాంచీ నీళ్లలోకి సాగిన కొద్దీ రేవు కనిపించింది. క్రేన్లు, సరుకు ఓడలు, దూరాన మసక దిగంతం. హాజీల ఓడ మాత్రం ఇక లేదు. మొగల్ లైన్ 1986లో షిప్పింగ్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. 1995తో ముంబయి నుంచి జిద్దాకు ఓడ ప్రయాణాలు ఆగిపోయాయి. వారానికి పైగా పట్టే ప్రయాణాన్ని ఇప్పుడు విమానం కొన్ని గంటల్లో ముగిస్తుంది. మనవాళ్లు హైదరాబాద్‌లోనే విమానం ఎక్కుతున్నారు. సౌకర్యం పెరిగింది. ఎదురుచూపు మాత్రం పోలేదు. ఓడలో చోటు కోసం వారు చూశారు, ఖుర్రాలో పేరు కోసం మనం చూస్తున్నాం.

సముద్రం దారిచ్చిన వేళ

చర్చ్‌గేట్‌లో లోకల్ ఎక్కి మహాలక్ష్మిలో దిగి హాజీ అలీ దర్గా వైపు నడిచాను. పున్నమి వెళ్లి మూడు రోజులే అయింది. పోటు ఇంకా పూర్తిగా తగ్గలేదు. తీరం నుంచి దర్గాకు వెళ్లే బాట మీద అలలు పారుతున్నాయి. ఒడ్డున వందల మంది నిలబడి ఉన్నారు. బిడ్డల్ని చంకనేసుకున్న తల్లులు, పూల చాదర్లు పట్టుకున్న యువకులు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన హిందూ కుటుంబాలు.

బుఖారా నుంచి వచ్చిన వర్తకుడు పీర్ హాజీ అలీ షా బుఖారీ సమాధి ఇది. దర్గా 1431 నాటిదని చెబుతారు. ఆయన మక్కా ప్రయాణంలోనే కన్నుమూశారనీ, ఆయన జనాజా పెట్టె సముద్రంలో తేలుతూ వచ్చి ఈ రాళ్ల దగ్గర ఆగిందనీ ఒక కథ. లోపల సమాధి గదిలోకి కొన్నేళ్లు ఆడవారిని రానివ్వలేదు. 2016లో బొంబాయి హైకోర్టు తీర్పు తర్వాత ఆ తలుపు మళ్లీ తెరుచుకుంది.

దాదాపు గంటసేపు నిలబడ్డాం. ఎవరూ విసుక్కోలేదు. సముద్రంతో తగవు పెట్టుకునేవారు ఎవరుంటారు? నెమ్మదిగా మొదట ఒక రాయి తేలింది, తర్వాత మరొకటి. ఆ తర్వాత తడి తడిగా బాటంతా బయటపడింది. జనం "యా అల్లాహ్" అంటూ కదిలారు. మూడో వింత కూడా నిజమే. దాదా ఒక్క అబద్ధమూ చెప్పలేదు.

ఆ బాట మీద నడుస్తుంటే నాకు ఒకటి అర్థమైంది. పోటు తగ్గకముందే చీకటి పడిపోయినవాడు దర్గా చేరలేదు. అంతమాత్రాన అతను బయలుదేరలేదని అనగలమా? పొలం అమ్మినవాడు, మాటలు మాఫీ చేయించుకున్నవాడు, ఇహ్రామ్ మడతపెట్టుకుని వందల మైళ్లు వచ్చినవాడు దాదా. ఆయన నియ్యత్‌లో లోపం ఎక్కడుంది? మనం మాత్రం చేరినవారిని లెక్కపెట్టి, చేరనివారిని చూసి నవ్వాం. అల్లాహ్ లెక్క వేరే ఉంటుంది.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పెద్దలు ఉండి ఉండవచ్చు. ఎక్కడో దారిలో ఆగిపోయి, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక తల వంచుకుని బతికినవారు. వారు బతికుంటే ఒకసారి పక్కన కూర్చుని వారు చెప్పేది వినండి. లేకపోతే వారి కోసం దుఆ చేయండి. నాకు యాభై ఏళ్లు ఆలస్యమైంది.

మగ్రిబ్ వేళకు తిరిగి ఒడ్డుకు వచ్చి నమాజు చేశాను. "దాదా, మాఫ్ చేయండి" అన్నాను సముద్రం వైపు చూస్తూ. ఆ రాత్రి రైలెక్కి ఇంటికి ఫోన్ చేశాను. నోటిఫికేషన్ రాగానే నాలుగోసారి దరఖాస్తు పెడతానని మా ఆవిడతో చెప్పాను.

ఈసారీ పేరు రాకపోతే? ఊళ్లో నన్నూ ఏదో ఒక పేరుతో పిలుస్తారేమో. 'బొంబాయి హాజీ' అంటే మాత్రం తలెత్తుకుని "అవును" అంటాను.