తట్టు తగ్గాక వేరే జబ్బులు ఎందుకు చుట్టుముడతాయి?

ఒకసారి వచ్చిన క్రిమిని మన రక్తంలోని కొన్ని తెల్లకణాలు గుర్తుపెట్టుకుంటాయి. అది మళ్లీ వస్తే వెంటనే ప్రతిరక్షకాలను తయారుచేసి ఎదుర్కొంటాయి. తట్టు వైరస్ సరిగ్గా ఈ జ్ఞాపక కణాల్లోకే దూరి వాటిని చంపేస్తుంది. ఒంటిమీది దద్దు కొద్దిరోజుల్లో మాయమవుతుంది కానీ, పోయిన జ్ఞాపకం అంత తొందరగా తిరిగిరాదు. ఇంగ్లండ్, అమెరికా, డెన్మార్క్‌ల పాత లెక్కలను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తట్టు ప్రబలాక రెండు మూడేళ్లపాటు ఇతర అంటువ్యాధులతో పిల్లల మరణాలు కూడా పెరిగినట్టు తేలింది. తట్టు తగ్గిందని ఊపిరి పీల్చుకున్న ఇంట్లోకి న్యుమోనియా రావడం ఎంత బాధాకరం!

అసలే బలహీనంగా ఉన్న పిల్లలకే తట్టూ, మిగతా జబ్బులూ వస్తున్నాయేమో అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు నెదర్లాండ్స్‌లో దొరికింది. టీకా వేయించుకోని 77 మంది పిల్లల రక్తాన్ని తట్టు రాకముందూ, వచ్చాకా పరీక్షించారు. అవే ఒళ్లు, అవే ఇళ్లు. అయినా వేర్వేరు క్రిములపై వాళ్లకున్న ప్రతిరక్షకాల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయాయని 2019లో ప్రకటించారు. టీకాలోని బలహీనపరచిన వైరస్ కూడా ఇలాగే చేస్తుందా? చేయదు, టీకా వేయించుకున్న పిల్లల్లో ఈ నష్టం కనబడలేదు. అంటే తట్టు టీకా తట్టునే కాదు, దాని వెనకాలే వచ్చే జబ్బులనూ ఆపుతోంది.