సగటు వాన ఎంత?

రోజువారీ వర్షపాతాన్ని ఒకరు మిల్లీమీటర్లలో చదువుతుంటారు: 12, 0, 33. ఆ తర్వాత 99999 అంటారు. అది వాన కాదు, లెక్క అయిపోయిందనడానికి గుర్తు. సగటు ఎంత? ఆరో తరగతి పిల్ల నోటిలెక్కతోనే 15 అని చెప్పేస్తుంది.

ఇదే పనిని కంప్యూటరు చేత చేయించాలంటే? అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇలియట్ సోలోవే, ఆయన సహచరులు పాస్కల్ భాషతో ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన విద్యార్థులకు ఈ తరహా లెక్కే ఇచ్చారు. 1983లో అచ్చయిన వారి పరిశోధన ప్రకారం సరిగ్గా రాసింది 14 శాతం మందే. తర్వాత సోలోవే దీనికి వాన కథ తొడిగాడు. ప్రోగ్రామింగ్ బోధన గురించి ఆలోచించేవాళ్లకు అది ‘వర్షపాతం లెక్క’గా మిగిలిపోయింది. విశ్వవిద్యాలయం దాకా వచ్చినవాళ్లకు కూడికలు, భాగాహారాలు రావని అనలేం కదా. మరి ఎక్కడ తడబడ్డారు?

మనం చేసే తీరు గమనించండి. అంకె వింటాం, 99999 కాదని చూసుకుంటాం, కలుపుతాం, మళ్లీ వింటాం. పరీక్ష నడుమ ఉంటుంది. పాస్కల్‌లో గానీ సీ భాషలో గానీ, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ‘వైల్’ లూపు పరీక్షను గుమ్మంలోనే పెడుతుంది. లోపలికి అడుగు పెట్టేలోగా ఒక అంకె చేతిలో ఉండాలి. కాబట్టి బయట ఒకసారి చదివి, లోపల ముందు దాన్ని కలిపి, ఆ తర్వాతే రెండో అంకె చదవాలి. మన వరసకు ఇది తలకిందులు. నడుమ నుంచి బయటపడే వీలున్న లూపుతో పాస్కల్‌ను కొద్దిగా మార్చి ఇస్తే, సరిగ్గా రాసినవాళ్లు 24 శాతానికి పెరిగారు. అంటే తప్పులో భాషకూ వాటా ఉంది, కానీ పెద్ద వాటా కాదు.

తెలుగులో ఆలోచించేవాళ్లకు ఇంకో ముడి ఉంది. మనం ‘99999 వచ్చేదాకా చదువు’ అంటాం. సీ భాషకు ‘99999 కానంతసేపు’ అని చెప్పాలి. మొదటిది మనసులో పెట్టుకుని రెండోది రాయబోతే షరతు తిరగబడుతుంది, లూపు ఒక్కసారి కూడా తిరగదు. పైగా ‘వచ్చేదాకా’ అనగానే, అది వచ్చిన మరుక్షణం ఎవరో పట్టి ఆపేస్తారన్న ధీమా. అలా కాపలా కాసేవాళ్లెవరూ లేరు. చుట్టు తిరిగి గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడే చూడటం. ఈలోగా 99999 కూడా వానలో కలిసిపోవచ్చు.

అలా కలిస్తే మొత్తం 100044, నాలుగింటికి సగటు 25011 మిల్లీమీటర్లు. రోజుకు 25 మీటర్ల వాన! చిరపుంజిలో 1860-61లో పన్నెండు నెలలపాటు కురిసి ప్రపంచ రికార్డుగా నిలిచిన వానే 26 మీటర్ల పైచిలుకు. కంప్యూటరుకు ఇదేమీ వింతగా తోచదు, నిమ్మళంగా అచ్చువేస్తుంది. యంత్రంలో మన ఉద్దేశం కనిపెట్టే మనసొకటి దాగి ఉందన్న భ్రమే కొత్తవాళ్ల తప్పులన్నిటికీ పెద్దన్న అని 1986లో రాయ్ పీ అనే పరిశోధకుడు వాదించాడు. నాకూ అదే నిజమనిపిస్తుంది.

తర్వాతి చిక్కు సీ లాంటి భాషల్లోని సమానం గుర్తు. ‘మొత్తం = మొత్తం + వాన’ అని రాస్తే బీజగణితం చదివినవాడికి ఒళ్లు మండాలి; వాన సున్నా అయితే తప్ప ఇది నిజం కాదు. ఇక్కడ అది సమీకరణం కాదు, ఆజ్ఞ: కుడివైపు లెక్క కట్టి, ఫలితాన్ని ఎడమవైపు పేరున్న డబ్బాలో వెయ్యి. పాతది పోతుంది. (పైథాన్ 3లో డబ్బాకు ‘మొత్తం’ అని తెలుగులోనే పేరు పెట్టొచ్చు, పలుకుతుంది.) బెనెడిక్ట్ డ్యూబోలే అనే పరిశోధకుడు చెప్పినట్టు, విద్యార్థి ముందుగా కట్టుకోవలసింది ఇలాంటి ఊహాయంత్రాన్ని. డబ్బాలెన్ని, దేనిలో ఏముంది, ఇప్పుడు ఏ వరుస నడుస్తోంది అన్నవి తలలో కదలాలి.

మన బీటెక్ మొదటి ఏడాది ల్యాబుల్లో కదిలేది రికార్డు పుస్తకం. ఫ్యాక్టోరియల్, ఫిబొనాచి, ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య, పాలిండ్రోమ్: వీటిని బట్టీపట్టి, నీలిరంగు టర్బో సీ తెరమీద దించి గట్టెక్కినవాళ్లలో నేనూ ఒకణ్ణి. వైవాలో ‘ఈ వరుస తీసేస్తే ఏమవుతుంది?’ అని అడిగితే నోరు పెగల్లేదు. ఆ టర్బో సీలో మామూలు పూర్ణాంకం 32767 దాటితే ఇమడదని, 99999ను గుర్తుగా పెట్టుకుంటే పని చెడుతుందని అప్పుడు నాకు తెలియదు.

ఊహాయంత్రం కట్టుకోవడానికి పెన్సిలు చాలు. 2004లో రేమండ్ లిస్టర్ అనే పరిశోధకుడి బృందం ఏడు దేశాల విద్యార్థులను పరీక్షిస్తే, చాలామంది రాయడం మాట అటుంచి, చిన్న ప్రోగ్రాంను చదివి ఏమి చేస్తుందో చెప్పడంలోనే తడబడ్డారు. విలువలు మారుతున్నకొద్దీ కాగితం మీద గీసుకున్నవాళ్ల జవాబులు ఎక్కువగా సరిపోయాయి.

ఇంట్లో మొదటి ఏడాది చదివేవాళ్లుంటే ఈ లెక్కే ఇవ్వండి. రాసినదాన్ని కంప్యూటరుకు ఎక్కించకముందు కాగితం మీద ‘వాన’, ‘మొత్తం’, ‘రోజులు’ అని మూడు గడులు గీయమని, వరుస వరుసకూ కొట్టేసి కొత్త విలువ రాయమని చెప్పండి. వచ్చిన మొదటి అంకే 99999 అయితే ఏమవుతుందో కూడా అడగండి. మొత్తం సున్నా, రోజులు సున్నా. అప్పుడు భాగాహారం దేనితో?