అత్తయ్య మందుల పట్టిక: రంగు రావాలి, అంకె రాకూడదు

ఈసారి వంటా కాదు, వీసా ఫారాలూ కాదు. వర్డ్‌లో టేబుల్ గురించి. “అదేం సబ్జెక్టు తల్లీ” అనకండి. మన ఏజాక్స్‌లో సూపర్ వీసా మీద అమ్మానాన్నలో, అత్తామామలో వచ్చి ఉన్న ఇంట్లో ఫ్రిజ్ తలుపు చూడండి. పిల్లల స్కూల్ క్యాలెండర్ పక్కన మందుల పట్టిక అంటించి ఉంటుంది. పగలు మనం డ్యూటీలో ఉంటే వాళ్ళు ఆ కాగితం చూసుకునే మాత్రలు వేసుకుంటారు. కాబట్టి అది ఎలా తయారవుతోందో కాస్త పట్టించుకోవాలి.

ఈ పట్టికలో రంగు ఊరికే అందానికి కాదు. ఉదయం గడి పసుపు, మధ్యాహ్నం ఆకుపచ్చ, రాత్రి నీలం అని పెట్టుకుంటే కళ్ళజోడు దొరక్కపోయినా అత్తయ్యకి వరుస తెలుస్తుంది. చిక్కల్లా ఆ రంగుని ఒక గడి నుంచి ఇంకో గడికి తెచ్చేటప్పుడే వస్తుంది. మనలో చాలామంది ఏం చేస్తారు? పైగడి బాగా కుదిరింది కదా అని దాన్నే కాపీ కొట్టి కింద పేస్ట్ చేస్తారు. రంగుతో పాటు అందులో ఉన్న 500 కూడా దిగిపోతుంది. తర్వాత మారుద్దాంలే అనుకుంటాం, ఈలోగా కుక్కర్ కూత పెడుతుంది, బాబు స్కూల్ బస్సు వస్తుంది. ఆ 500 అక్కడే ఉండిపోతుంది. పైగా రంగూ, అక్షరం సైజూ, గీతలూ అన్నీ పక్క గడులతో చక్కగా కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఆ తప్పు ఎవరి కంటికీ ఆనదు. చేత్తో కొట్టేసి దిద్దిన కాగితమైతే కనీసం అనుమానం వస్తుంది. వార్ఫరిన్ లాంటి మాత్రకి ఒక రోజు ఒక డోసు, మరో రోజు ఇంకో డోసు ఉండొచ్చు. అక్కడ పైగడి అంకె కిందకి దిగడం చిన్న విషయం కాదు. నర్సుగా నా మాట ఒక్కటే: రంగు కోసం గడిని కాపీ చెయ్యొద్దు. రంగు ఒక్కటే తెచ్చుకునే దారులు ఉన్నాయి.

ముందు ఒక సంగతి అర్థం చేసుకుంటే సగం తలనొప్పి పోతుంది. గడిని ఒక గది అనుకోండి. మనుషులు కట్టుకున్న బట్టలు వేరు, వాళ్ళు కూర్చున్న తీరు వేరు, గోడ రంగు వేరు. వర్డ్‌లోనూ అంతే. అక్షరం లావు, సైజు, ఫాంట్ బట్టల్లాంటివి. మధ్యకి జరపడం, లైన్ల మధ్య దూరం కూర్చున్న తీరు, అంటే పేరాకి సంబంధించినవి. గడి వెనక రంగు, చుట్టూ గీతలు, లోపల వదిలే ఖాళీ గోడకి సంబంధించినవి. హోమ్ ట్యాబ్‌లో ఎడమ పక్కన చిన్న బ్రష్ బొమ్మ ఉంటుంది చూడండి, ఫార్మాట్ పెయింటర్. అది మొదటి రెండింటినీ బాగా మోసుకొస్తుంది. గోడ రంగు విషయంలో మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. “బ్రష్ రుద్దాను, రంగు రాలేదు, నా ల్యాప్‌టాప్ పాడైంది” అని మెసేజ్ పెట్టే అక్కలకి ఇదే జవాబు. ల్యాప్‌టాప్ బాగానే ఉంది!

బ్రష్ వాడేటప్పుడు ఒక్కసారి నొక్కితే ఒక్క చోటే పని చేస్తుంది. రెండుసార్లు టకటకా నొక్కితే ఎన్ని చోట్లయినా రుద్దుకోవచ్చు, చాలనుకున్నప్పుడు ఎస్కేప్ నొక్కాలి. కీబోర్డుతో చేసేవాళ్ళకి ఒక మార్పు: పాత వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్, సి తో తీసుకుని కంట్రోల్, షిఫ్ట్, వి తో వేసేవాళ్ళం. కొత్త వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్, వి అంటే ఉత్త మాటల్ని మాత్రమే పేస్ట్ చెయ్యడం. ఫార్మాట్ కోసం షిఫ్ట్ బదులు ఆల్ట్ నొక్కాలి. గూగుల్ డాక్స్‌లోనూ కంట్రోల్, ఆల్ట్, సి, ఆపైన కంట్రోల్, ఆల్ట్, వి.

ఇక గడి రంగు. నాకు అన్నిటికంటే నచ్చింది ఎఫ్ 4. ఒక గడికి షేడింగ్‌లో పసుపు వెయ్యండి, ఇంకో గడిలోకి వెళ్ళి ఎఫ్ 4 నొక్కండి, అదే పసుపు పడుతుంది. లోపలి అంకె కదలదు. కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలి, లేదా కంట్రోల్ వై. మ్యాక్‌లో కమాండ్ వై. ఒకటి గుర్తుంచుకోండి, అది ఆఖరిగా చేసిన ఒక్క పనినే మళ్ళీ చేస్తుంది. రంగు వేసి, తర్వాత అక్షరం లావు చేస్తే లావు మాత్రమే వస్తుంది. రంగూ గీతలూ రెండూ కావాలంటే బోర్డర్స్ అండ్ షేడింగ్ అనే పెట్టె తెరిచి, రెండూ అందులోనే చూసుకుని ఒకేసారి ఓకే కొట్టండి, ఆ తర్వాత ఎఫ్ 4.

అసలు ఒక్కొక్క గడికి వెయ్యడం కూడా ఎందుకు? గడి లోపల ఎడమ అంచుకి మౌస్ తీసుకెళ్తే వాలుగా నల్ల బాణం వస్తుంది. నొక్కితే గడి మొత్తం ఎంపికవుతుంది. కంట్రోల్ పట్టుకుని దూరంగా ఉన్న గడుల్ని కూడా అలాగే ఎంచుకుని అన్నిటికీ ఒకే దెబ్బకి రంగు వెయ్యొచ్చు. గీతలు మాత్రమే కావాలంటే టేబుల్ డిజైన్‌లో బోర్డర్ పెయింటర్ ఉంది, వర్డ్ 2013 నుంచి వచ్చింది. అక్కడే బోర్డర్ శాంప్లర్ కూడా ఉంటుంది, ఉన్న గీతని చూపిస్తే అలాంటిదే ఇంకో చోట గీయనిస్తుంది. కొత్త మందు రాసిచ్చారా? ఆఖరి గడిలో ట్యాబ్ నొక్కండి. పై వరుస రంగులతోనే ఖాళీ వరుస పుడుతుంది. ఖాళీగా పుట్టడమే దాని గొప్ప.

ఇప్పుడు మన తెలుగు బాధలు. వరుస ఎత్తు ‘ఎగ్జాక్ట్లీ’ అని పెట్టి ఉంటే ఇంగ్లీషు అక్షరాలకి సరిపోతుంది గానీ మన వత్తులు కింద తెగిపోతాయి, గుడులు పైన నలిగిపోతాయి. టేబుల్ ప్రాపర్టీస్‌లో దాన్ని ‘ఎట్ లీస్ట్’ చెయ్యండి. లైన్ల మధ్య దూరం ఎగ్జాక్ట్లీలో ఉన్నా అదే గతి, పైగా బ్రష్ రుద్దితే ఆ జబ్బు కొత్త గడికి కూడా అంటుకుంటుంది. ఒకే గడిలో తెలుగూ ఇంగ్లీషూ ఉంటే ఒకటి పెద్దదై రెండోది చిన్నగా మిగలొచ్చు. కంట్రోల్ డి నొక్కి తెరిచే పెట్టెలో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అని విడిగా ఉంటుంది, తెలుగు సైజు అక్కడ చూసుకోవాలి. ఇక అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైలు ఎవరైనా పంపితే దాని మీద బ్రష్ అస్సలు వాడొద్దు. అందులో లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తులే, ఫాంట్ వల్ల తెలుగులా కనిపిస్తాయి. ఫాంట్ మారిందా, మొత్తం పిచ్చిరాత అయిపోతుంది.

గడిలో ఏం రాయాలో కూడా రెండు మాటలు చెప్పనివ్వండి. కెనడాలో మందుల భద్రత చూసే ఐఎస్ఎంపీ కెనడా వాళ్ళు వాడకూడని పొట్టిరాతల జాబితా ఒకటి పెట్టారు. 5.0 అని రాయొద్దు, చుక్క సరిగ్గా పడకపోతే 50 అవుతుంది. సగం అయితే .5 అని కాకుండా 0.5 అనే రాయాలి. మనకి ఇంకోటి ఉంది: మి.గ్రా., మై.గ్రా. మధ్య ఒక్క గుణింతమే తేడా, అసలు మోతాదులో అది వెయ్యి రెట్లు. థైరాయిడ్ మాత్రకి ‘మైక్రోగ్రాములు’ అని పూర్తిగా రాయండి, గడి కాస్త పెద్దదైతే కానీండి. పక్కన ఇంగ్లీషులో మందు అసలు పేరు కూడా ఉండాలి. ఇండియా నుంచి తెచ్చిన గ్లైకోమెట్ ఇక్కడి డాక్టరుకి తెలియకపోవచ్చు, మెట్‌ఫార్మిన్ అంటే తెలుస్తుంది. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్. డోలో అంటే మనం పారాసెటమాల్ అంటాం, ఇక్కడ ఎసిటమినోఫెన్, అదే టైలెనాల్. అది తెలియక రెండూ కలిపి వేసుకుంటే డోసు రెట్టింపవుతుంది. రాత్రివేళ హార్వుడ్ అవెన్యూలో లేక్‌రిడ్జ్ హెల్త్ ఆసుపత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సొస్తే, ఇన్సూరెన్స్ కాగితంతో పాటు ఈ కాగితమూ చేతిలో ఉండాలి.

ప్రింటు తీసే ముందు రంగుల్ని మరిచిపోయి, మందుల డబ్బాలు ముందు పెట్టుకుని ఒక్కొక్క గడిలో అంకె పైకి చదవండి, ఇంకొకరు డబ్బా చూసి సరే అనాలి. నలుపు తెలుపులో తీస్తే పసుపూ ఆకుపచ్చా ఒకేలా బూడిదరంగు అయిపోతాయి, అందుకని రంగు ఉన్నా ‘ఉదయం’, ‘రాత్రి’ అనే మాటలు తీసెయ్యొద్దు. ఇంట్లో ప్రింటర్ లేకపోతే అదే హార్వుడ్ మీద ఏజాక్స్ పబ్లిక్ లైబ్రరీ మెయిన్ బ్రాంచిలో తీసుకోవచ్చు. ఊళ్ళో ఉన్న ఆడపడుచుకి వాట్సాప్‌లో పంపేటప్పుడు వర్డ్ ఫైలు కాకుండా పీడీఎఫ్ చేసి పంపండి, ఆవిడ ఫోన్లో ఫాంట్ లేకపోయినా గడులు చెదరవు. కాగితం అడుగున తేదీ వెయ్యండి. కొత్తది అంటించగానే ఫ్రిజ్ మీద పాతది చింపెయ్యండి, మామయ్యగారి పర్సులో మడత పెట్టి ఉంచిన కాపీతో సహా.