జైలులో నడిమి యుద్యోగి మాట

జైలు అనగానే మనకు ఎత్తైన గోడయు, లోపలి ఖైదీయు, వాకిట నిలిచిన వార్డరును తలపునకు వత్తురు. పైన సూపరింటెండెంటుగారుందురని పలువురెరుగుదురు. నడుమనుండు డిప్యూటీ జైలరును, హెడ్ వార్డరును తలచువారు తక్కువ. నేను కొన్నియేండ్లు డిప్యూటీ జైలరుగా పనిచేసితిని గనుక వారి మాట చెప్పెదను.

1894వ సంవత్సరపు కారాగార చట్టము ప్రకారము జైలు ఉద్యోగులందరును సూపరింటెండెంటు ఆజ్ఞలకు లోబడవలెను. జైలరునకు గల బాధ్యతలన్నియు డిప్యూటీ జైలరునకును గలవు. అనగా పొరపాటు జరిగినచో సంజాయిషీ చెప్పవలసినవాడతడు. ఆజ్ఞకు లోబడుట లేనిదే జైలు ఒక్క దినమైనను నడువదు, నేను కాదనను. కాని ఆజ్ఞ పుట్టకముందు ఆలోచన చెప్పుట వేరు. చెరువు నీరు ఏ మడికి అందదో నీరుగంటికి తెలిసినట్లు పెద్దరైతునకు తెలియునా?

నేనున్న యొక జైలులో, పగటి పనులు చెడకుండుటకై, బంధువులు ఖైదీలను చూచు వేళను ఉదయము తొమ్మిది గంటలకే ముగించిరి. పల్లెల నుండి వచ్చు మొదటి బస్సు తొమ్మిదిన్నరకు గాని చేరదు. వాకిట పేర్లు వ్రాసికొను హెడ్ వార్డరునకు ఆ సంగతి తెలియును. ఆయన నెవ్వరు నడుగలేదు. అడుగనిదే చెప్పుట ఆయన కలవాటు లేదు. నాకును తెలియును. నేనును చెప్పలేదు, ఇప్పటికిని సిగ్గుగానే యున్నది. కొడుకును చూడవచ్చిన యొక ముసలితల్లి జంతికల మూటతో వాకిటనుండియే మరలిపోయెను. ఆ రాత్రి కొడుకు అన్నము ముట్టలేదు. మరునాడు ఆ బారకులో నలువదిమంది ముట్టలేదు.

సూపరింటెండెంటుగారు మమ్ము పిలిపించి, కుర్చీలు వేయించి, అడిగిరి. హెడ్ వార్డరు కుర్చీ అంచున కూర్చుండి, “అయ్యా, బస్సు తొమ్మిదిన్నరకు వచ్చునండి” అనెను. అంతే. వేళ పది గంటలకు మారినది.

పిమ్మట ప్రతి సోమవారము మమ్ము కూర్చుండబెట్టి, క్రొత్త ఉత్తరువు చిత్తును చదివించి, మా అభిప్రాయములను పుస్తకమున వ్రాయించుచుండిరి. తుది నిర్ణయము వారిదే. మా మాట కాదన్నచో కారణము చెప్పుచుండిరి. ఒకమారు రాత్రి కావలి గంటలు తగ్గింపుడని కోరితిమి, మనుష్యులు చాలరనిరి. లెక్క చూచితిమి, నిజమే. ఆ లెక్కనే నేను వార్డర్లకు చెప్పితిని. వారు గొణిగిరి గాని, ఆ రాత్రి అందరును కావలికి వచ్చిరి.