బరంపురము పట్టు - నేతగాని హక్కు

బరంపురమునకు పట్టునగరమని వాడుక పేరు. ఆ పేరు నిలిపిన మగ్గములయొద్ద తరతరములుగ కూర్చున్నవారిలో ఆంధ్రదేశమునుండి వలసవచ్చిన దేవాంగులు ముఖ్యులు. రెండేండ్లకొకమారు జరుగు బుఢీ ఠాకురాణి జాతరలో దేవి తన పుట్టింటికి వచ్చినట్లు దేశిబెహరా వీధికి వేంచేయును. ఆ ఉత్సవము చూచినవారికి ఈ కులమువారికిని ఆ పట్టణమునకును గల బంధము వేఱుగ చెప్పనక్కఱలేదు. 1936 ఏప్రిలు 1వ తేదీన గంజాము మదరాసు రాజధానిని విడిచి ఒరిస్సాలో చేరినది. సరిహద్దులు మాఱినను మగ్గములు అచ్చటనే యున్నవి. కాని ఆ మగ్గముపై పుట్టిన క్రొత్త నమూనాకు స్వామి యెవరను ప్రశ్న నేటికిని చాలమంది నేతగాండ్రకు తేటపడలేదు.

ఒక మేలు జరిగిన మాట నిజము. 1999లో పార్లమెంటు చేసిన భౌగోళిక సూచికల చట్టము 2003లో అమలునకు వచ్చినది. గుడిశిఖరముల వరుసను బోలిన ఫోడా కుంభ అంచుగల బరంపురము పట్టుచీరయు, పురుషులు ధరించు జోడును ఆ చట్టము క్రింద నమోదైనవి. మన పోచంపల్లి ఇక్కతు అంతకు ముందే ఈ గౌరవము నందినది. ఈ చట్టపు రిజిస్ట్రీ చెన్నైలో నున్నది. మదరాసుతో పరిపాలన సంబంధము తెగిన గంజాము ఈ వ్యవహారమునకు మరల ఆ పట్టణమునకే కాగితములు పంపవలసివచ్చినది! నమోదైన పిమ్మట, ఏదో యూర మరమగ్గముపై నేసిన బట్టను బరంపురము పట్టని చెప్పి యమ్ముట శిక్షార్హమగు నేరము.

అయితే ఈ హక్కు ఊరి పేరునకు గాని వ్యక్తికి కాదు. దానిని అమ్ముటకును, ఇతరులకు బదలాయించుటకును వీలులేదు. పదేండ్లకొకసారి నమోదును పునరుద్ధరింపవలెను. నేతగాడు తనంతట తాను న్యాయస్థానమున నిలువవలెనన్న, అధికృత వినియోగదారుగా తన పేరు పుస్తకమునకెక్కించుకొనవలెను. తాత ముత్తాతలు ఆ వీధిలోనే నేసినారనుట ఒక్కటియే అందుకు చాలదు.

ఇక క్రొత్త నమూనా మాట. కుంభపు అంచు పూర్వులు ఇచ్చిన సొత్తు. దానిని ఏ యొక్కడును తనదనరాదు. కాని కొంగున క్రొత్త పువ్వును కల్పించినవాని మాట వేఱు. అతడు 2000 సంవత్సరపు డిజైనుల చట్టము క్రింద నమోదు చేసికొన్నచో పదేండ్లును, పొడిగించుకొన్నచో మఱి యైదేండ్లును హక్కు కలుగును. ఇందు రెండు చిక్కులున్నవి. దరఖాస్తునకు ముందే చీర అంగడికెక్కినచో క్రొత్తదనము పోయినట్లే. కాపీరైటున్నది కదా యని ఊరకుందమన్న, నమోదు చేయని డిజైను గల వస్తువు పారిశ్రామిక పద్ధతిని ఏబదికి మించి తయారైనచో ఆ కాపీరైటును అంతరించును.

రెండవ చిక్కు మఱింత కఠినము. ప్రతిఫలము పుచ్చుకొని ఇతరుల కొఱకు నమూనా కల్పించినచో, కల్పింపించినవాడే దానికి స్వామియని డిజైనుల చట్టము చెప్పుచున్నది. మాస్టరు వీవరు నాలుగు రూపాయలిచ్చి గీయించుకొన్న పువ్వు గీసినవానిది కాదన్నమాట. సినిమా పాటలు వ్రాయువారికిని, బాణీలు కట్టువారికిని 2012లో కాపీరైటు చట్టమును సవరించి, రాయల్టీలో తమకు రావలసిన సమభాగమును పూర్తిగ వదులుకొనుటకు వీలులేకుండ చేసినారు. నమూనా గీయువానికి అట్టి అండ లేదు. అతనికి దిక్కు ముందుగ వ్రాసికొన్న కాగితమే.

తెలుగువారి వ్యాపారములలో మాట మీద నమ్మకము గొప్పది. దానిని మేము తక్కువసేయము. అయినను యజమాని మాఱినప్పుడు, కొడుకులు వేఱుపడినప్పుడు, ఆ మాటకు సాక్షి యెవరు? నమూనా యెవరిది, ఎన్ని చీరలకు వాడవచ్చును, చీరకింత యని గీసినవానికి ముట్టవలసినదెంత, అతని పేరు చీటిపై నుండునా లేదా యను నాలుగు సంగతులు నేతగానికి తెలిసిన భాషలో ఒక పుటలో వ్రాసికొన్నచో సగము తగాదాలు పుట్టకయే పోవును.

రాజధానిలో నున్న తెలుగు న్యాయవాదులకును, ఆడిటర్లకును, ఉద్యోగులకును మా మనవి యిది. పెండ్లిండ్లకు బరంపురము పట్టు కొని తెచ్చుకొనుటతో మన బాధ్యత తీరలేదు. ఆ వీధులలో బంధువులున్నవారు సెలవులకు వెళ్లినప్పుడు ఒక పూట అచ్చట కూర్చుండి అధికృత వినియోగదారుల దరఖాస్తులు నింపించుడు. ఒప్పందపు నకలు ఒకటి తయారుచేసి యిచ్చిరండు. మనకది ఒక పూట పని; నమూనా గీయువానికి అది పదునైదేండ్ల జీవనాధారము కావచ్చును.